నడిగడ్డ విత్తనపత్తి చేలు: బాల కార్మిక చట్టానికీ బడి గంటకూ నడుమ

సవరించిన బాల కార్మిక చట్టం 2016 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. నలభై రోజుల తరువాత, అక్టోబరు 11న, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో హైబ్రిడ్ పత్తి విత్తన సాగు ఆ చట్టపు పరిమితులను స్పష్టంగా చూపుతుంది.

పాలమూరు వ్యవసాయ సంబంధాలలో అప్పుకు శ్రమను తాకట్టు పెట్టడం కొత్త కాదు. భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ హైదరాబాదు రాజ్యం 1943లో శాసనం చేసింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. విత్తన సాగులో మాత్రం కంపెనీ నుండి ఆర్గనైజరుకు, ఆర్గనైజరు నుండి రైతుకు, రైతు నుండి తల్లిదండ్రులకు అడ్వాన్సు చేతులు మారింది. యజమాని ఎవరన్న ప్రశ్న ఈ గొలుసులోనే మరుగున పడింది.

క్రాసింగ్ పనికి రెండు వేళలున్నాయి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలలోని కేసరాలను తొలగిస్తారు; మరునాడు ఉదయం మగ పూల పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. నెలల తరబడి ప్రతిదినం సాగే ఈ పనిలో బాలికల సంఖ్య అధికమని పలు అధ్యయనాలు నమోదు చేశాయి.

1986 నాటి చట్టం నిషేధిత వృత్తులను, ప్రక్రియలను జాబితాగా పేర్కొన్నందున పొలం పనులు చాలావరకు దాని పరిధికి వెలుపలే నిలిచాయి. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడేనన్న సూత్రంతో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో చేసిన కృషి ఈ జాబితా దృష్టినే ప్రశ్నించింది. 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు, 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ, 2010 ఏప్రిల్ 1న అమలైన విద్యాహక్కు చట్టం ఆ ప్రశ్నకు శాసన బలాన్నిచ్చాయి. బడిలో చేర్చడమే గాక హాజరు, చదువు పూర్తి కూడ ప్రభుత్వ బాధ్యతలయ్యాయి.

2016 సవరణ పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో నియమించడాన్ని అన్ని వృత్తులలోను నిషేధించింది. అయితే ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తరువాత, సెలవులలో సహాయపడవచ్చునని మినహాయించింది. సాయంత్రపు మొగ్గల పని ఈ మినహాయింపు నీడలో సాగగలదు. ఉదయపు పుప్పొడి పని బడి గంటతో ఢీకొంటుంది. పగలు పూసిన పువ్వు బడి విడిచేదాకా ఆగదు. కనుక నడిగడ్డలో బాల్యానికి రక్షణ కార్మిక తనిఖీ నివేదికలో కంటె బడి హాజరు పట్టీలోనే ముందుగా పరీక్షకు నిలుస్తుంది.