లెక్కకు అందని నగరం: ఆబిడ్స్–నాంపల్లి చరిత్రలో మహమ్మారి, దత్తాంశం

కీలక పదాలు: ప్లేగు, జనగణన, నగరాభివృద్ధి మండలి, మురుగునీటి పర్యవేక్షణ, బిగ్ డేటా

ఉపోద్ఘాతం

మహమ్మారుల కట్టడిలో బిగ్ డేటా పాత్రపై చర్చ 2020 తరువాత విస్తృతమైంది. అయితే వ్యాధిని అంకెల ద్వారా, స్థలం ద్వారా గ్రహించే ప్రయత్నం కంప్యూటరుతో మొదలైనది కాదు. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల కలరా మరణాలను జాన్ స్నో పటంపై గుర్తించి, వాటి మూలాన్ని ఒక నీటి పంపులో చూపాడు. హైదరాబాదులో ఈ దృష్టి ఎలా రూపుదిద్దుకొన్నదో తెలుసుకోవడానికి ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు తగిన ఆధారాలు. ఎవరిని లెక్కించారు, లెక్కించి ఏమి చేశారు అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం ఆ ప్రాంతాల నేపథ్యంలో పరిశీలిస్తుంది.

ప్లేగు, జనగణన

1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు క్రమంగా దక్కనుకు వ్యాపించింది. నాంపల్లి రైల్వేస్టేషను 1907లో ప్రారంభమైంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. 1911లో ప్లేగు విజృంభించింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దానికి తోడైంది. హైదరాబాదు రాజ్య జనాభా 1911లో 1,33,74,676 కాగా, 1921లో 1,24,71,770కి తగ్గింది. నగర జనాభా సుమారు 5 లక్షల నుండి 4 లక్షలకు పడిపోయింది.

ఈ తరుగుదలలో మరణించినవారెందరు, ఊరు విడిచి వెళ్లినవారెందరు అన్నది పదేళ్లకొకసారి జరిగే గణన ఒక్కటే తేల్చలేదు. రెండు సందర్భాల్లోనూ పట్టికలో మిగిలేది ఖాళీయే. ఇక వ్యాధి సాగుతుండగా నిర్ణయాలు తీసుకోవలసిన పాలకులకు పదేళ్ల అంతరం మరింత పెద్ద లోపం.

స్థలమే రోగిగా

1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి దృష్టి వ్యక్తిపై గాక బస్తీపై నిలిచింది. గాలి, వెలుతురు లేని ఇరుకు ఇళ్లు వ్యాధికి నిలయాలన్న అవగాహనతో బస్తీల తొలగింపు చేపట్టింది. అలా తొలగించిన ప్రాంతాలలో నాంపల్లి ఒకటి. మండలి వెడల్పు రోడ్లు, కొత్త గృహాలు నిర్మించింది. నాంపల్లికీ ఆబిడ్సుకూ చేరువలో 1935లో వెలసిన మొజంజాహీ మార్కెట్టు ఆ మండలి కృషికి నిలిచివున్న గుర్తు. ఆ మార్కెట్టుకు మండలి అధ్యక్షుడైన నిజాం రెండవ కుమారుడి పేరే పెట్టారు. అయితే ఇల్లు కూలిన ప్రతి కుటుంబానికీ కొత్త గృహం దక్కిందా అన్న ప్రశ్నకు ఈ కట్టడాలు సమాధానం చెప్పవు. వ్యాధి లెక్కలో స్థలం శుభ్రపడితే చాలు. నివాసి ఎటు పోయాడో చెప్పే గడి అందులో లేదు.

మురుగునీరు చెప్పిన లెక్క

వరద అనంతరం వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతోపాటు భూగర్భ మురుగునీటి వ్యవస్థకూ పథకం రూపొందించారు. వ్యాధిని దూరంగా తరలించే ఉద్దేశంతో ఆరంభమైన ఆ వ్యవస్థ, తదనంతర విస్తరణతో, 2020లో వ్యాధిని గుర్తించే సాధనంగానూ ఉపయోగపడింది. ఆ సంవత్సరం ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు శుద్ధి కేంద్రాల మురుగునీటిలో కరోనా వైరస్ జన్యుపదార్థాన్ని కొలిచి, అంతకుముందరి 35 రోజుల వ్యవధిలో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకివుండవచ్చని అంచనా వేశారు. అప్పటికి రాష్ట్రమంతటా పరీక్షల ద్వారా నమోదైన కేసులు లక్షకు చేరలేదు. ప్రభుత్వ బులెటిన్లలో సమాచారం సమగ్రంగా ఉండాలని హైకోర్టు పలుమార్లు ఆదేశించిన కాలమది.

పరీక్షాకేంద్రానికి రానివారి జాడ కూడా మురుగునీటిలో ఉంటుంది; ఈ పద్ధతి బలం అదే. కాని 2020లో నగర మురుగునీటిలో శుద్ధి కేంద్రాలకు చేరింది సుమారు 40 శాతమే. మిగిలిన భాగాన్ని దాని ఆధారంగా లెక్కకట్టవలసివచ్చింది. గొట్టం చేరని బస్తీ నమూనాలోనూ చేరదు.

ముగింపు

1921 పట్టికకూ 2020 అంచనాకూ సాంకేతికంగా పోలిక లేదు. అయినా రెండింటి హద్దు ఒక్కటే: నమోదు సాధనం చేరని చోట ఉన్నవారు అంకెలో ఉండరు, లేదా ఇతరుల ఆధారంగా ఊహింపబడతారు. దత్తాంశ పరిమాణం పెరిగినంతమాత్రాన ఈ హద్దు తొలగదు. అందువల్ల మహమ్మారి విశ్లేషణలో ఫలితాలతోపాటు లెక్క పరిధిని ప్రకటించడం, వ్యాధి ఉన్న స్థలంతోపాటు అక్కడి నివాసిని అనుసరించడం అవసరం. కూల్చిన నాంపల్లి బస్తీ నేటి దత్తాంశ శాస్త్రానికి అందించే పాఠం ఇదే.