గళ్ళ కాగితం కథ

ఈసారి మన పదం "గడి". ఒక్కటైతే గడి, ఎక్కువైతే గళ్ళు. గళ్ళ చొక్కా, గళ్ళ లుంగీ, గళ్ళ కాగితం. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను కాబట్టి ఈ పదం నాకు అరవై దాటాకే వచ్చింది. కానీ గళ్ళతో నా స్నేహం పాతది.

గళ్ళు కాగితం కంటే ముందే ఉన్నాయి. మా అమ్మ వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెట్టేది. వరస తప్పితే ముగ్గు కుదరదు. గుడి కట్టే స్థపతులకు వాస్తుపురుష మండలం ఉంది. అందులో 64 గళ్ళు గానీ 81 గళ్ళు గానీ ఉంటాయి.

అచ్చు వేసిన గళ్ళ కాగితం తరవాత వచ్చింది. ఇంగ్లండులో డాక్టర్ బక్స్టన్ అనే ఆయన 1794లో దానికి పేటెంటు తీసుకున్నారని చెబుతారు. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఇ. హెచ్. మూర్, 1902 డిసెంబరులో అమెరికన్ మేథమేటికల్ సొసైటీ సభలో మాట్లాడుతూ, పిల్లలకు లెక్కలు ఇలాంటి కాగితం మీద నేర్పమని గట్టిగా చెప్పారు.

మన దేశంలో నేను వాడిన గ్రాఫు కాగితం మిల్లీమీటర్లది. ఇక్కడ ఉద్యోగంలో చేరాక లేత ఆకుపచ్చ ఇంజినీరింగ్ ప్యాడ్ చూసి ఆశ్చర్యపోయాను. గళ్ళు కాగితం వెనక వైపు అచ్చు వేసి ఉన్నాయి! ముందు వైపుకు పలచగా కనిపిస్తాయి. గీయడానికి దారి చూపిస్తాయి, గీసిన బొమ్మకు అడ్డు రావు. జిరాక్స్ తీస్తే గళ్ళు దాదాపు కనబడవు.

మరి ఏది కొనాలి? అంగుళానికి ఎన్ని గళ్ళో చూడండి. 10 ఉంటే గ్రాఫులకు మంచిది. 5 ఉంటే లెక్కలకు, పదుల కొలతలకు బాగుంటుంది. ఇంజినీరింగ్ ప్యాడ్‌లో మామూలుగా ఉండేవి ఇవే. 4 ఉంటే ఇంటి ప్లానుకు సరిపోతుంది, ఎందుకంటే ఇక్కడ పావు అంగుళాన్ని ఒక అడుగుగా గీయడం వాడుక.

ఈ తేడా నేను మా గుడి వంటశాలలో నేర్చుకున్నాను. ప్రసాదం గిన్నెలు పెట్టడానికి 20 అడుగుల బల్ల కావాలి. అలవాటు కొద్దీ 5 గళ్ళ ప్యాడ్ తీసి, గడికి ఒక అడుగు అనుకుని 20 గళ్ళు గీశాను. అంటే కాగితం మీద 4 అంగుళాలు. అంకె రాయలేదు. వడ్రంగి పావు అంగుళం లెక్కన కొలిచి 16 అడుగుల బల్ల చేశాడు. తప్పు ఆయనది కాదు. ముప్ఫై ఏళ్ళు ఇంజినీరుగా పనిచేసినవాణ్ణి, అంకె రాయడం మరిచిపోయాను! ఇప్పటికీ పండగ రోజున పులిహోర గిన్నె ఒకటి కుర్చీ మీద ఉంటుంది. అందరూ నావైపు చూస్తారు.

ఆ ప్యాడ్‌లో మిగిలిన కాగితాల మీదే నేను తెలుగు రాయడం నేర్చుకున్నాను. అక్షరానికి రెండు గళ్ళు, ఒత్తుకు కింద ఒక గడి. "స్త్రీ" అని రాయడానికి నాకు వారం పట్టింది. మొన్న ఒక పేజీ జిరాక్స్ తీశాను. గళ్ళు పోయాయి. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, కానీ గుడిలో ఒక పెద్దావిడ ఆగకుండా చదివేసింది.

మీరూ ఒక ప్యాడ్ కొనుక్కోండి. బల్ల గీస్తే మాత్రం పక్కన అంకె వేయండి.