పైన అంటే ఎవరు?



పోయిన చలికాలం మా హాస్టల్లో దుప్పట్లు రాలేదు. అడిగితే "పైనుంచి రాలేదు" అన్నరు. "పైన అంటే ఎవరు సార్?" అని మాలో ఒకరు అడిగిండు. జవాబు లేదు. "ప్రశ్నలు బాగా నేర్చిన్రు" అన్న మాట మాత్రం వచ్చింది. మా ఇళ్ళల్లో కాలేజీ దాకా వచ్చినోళ్ళలో మేమే మొదటోళ్ళం. ప్రశ్న అడగడం తప్పేమో అని ఆ రాత్రి మాకూ అనిపించింది. తర్వాత లైబ్రరీలో కూర్చొని, ఈ దేశంలో ప్రశ్న అడిగే హక్కు ఎట్ల వచ్చిందో చదివినం. చదివింది మీకూ చెప్పాలని ఈ పోస్టు.

బ్రిటిష్ పాలనలో 1861లో పెట్టిన శాసన మండలిలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కే లేదు. 1892 చట్టంతో ఆ హక్కు వచ్చింది. కానీ జవాబు విని కూర్చోవాలి, దాని మీద ఇంకో ప్రశ్న వేయకూడదు. 1909లో, అడిగిన సభ్యుడు మాత్రం అనుబంధ ప్రశ్న వేయొచ్చు అన్నరు. 1919 సంస్కరణలతో ఆ అవకాశం సభ్యులందరికీ వచ్చింది. అంటే "పైన అంటే ఎవరు" అనే రెండో ప్రశ్న సభ్యులందరికీ దక్కడానికే పాతికేళ్ళకు పైగా పట్టింది. మొదటి ప్రశ్నకు తప్పించుకునే జవాబు చెప్పొచ్చు. రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోతారు.

ఆ ప్రశ్నకు ఎంత బలం ఉందో 1957లో దేశం చూసింది. రాయ్‌బరేలీ ఎంపీ ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ పార్టీవాడే. ప్రధాని నెహ్రూకు స్వయంగా అల్లుడు. ఆ ఏడాది జూన్‌లో ఎల్ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలు కొన్నది. ఖర్చు సుమారు కోటి పాతిక లక్షల రూపాయలు. అది పాలసీ కట్టిన మామూలు జనం సొమ్ము. ఎల్ఐసీకి సొంత పెట్టుబడుల కమిటీ ఉన్నా, ముందుగా దాన్ని అడగలేదు. దీని మీద లోక్‌సభలో మొదట ప్రశ్నలు వేసినప్పుడు సూటి జవాబు రాలేదు. ఫిరోజ్ ఊరుకోలేదు. కాగితాలు, లెక్కలు ముందేసుకొని, డిసెంబరు 16న సభలో ఒక్కొక్కటీ విప్పి చెప్పిండు. ఎదురుగా ఉన్నది సొంత పార్టీ ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి.

ప్రభుత్వం విచారణ వేయక తప్పలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎంసీ చాగ్లా జనం ముందే, బహిరంగంగా విచారణ జరిపి, నెల తిరగకుండానే నివేదిక ఇచ్చిండు. అక్కడా "ఇది నేను చేసింది కాదు, కార్యదర్శి చేసిండు" అన్న వాదనే వచ్చింది. చాగ్లా ఒప్పుకోలేదు. శాఖలో అధికారి చేసినదానికి రాజ్యాంగపరంగా మంత్రే బాధ్యుడు అని తేల్చిండు. 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేసిండు.

మా హాస్టల్లో దొరకని జవాబు మాకు ఇక్కడ దొరికింది. పైన అంటే మంత్రి. ఆయన సభకు జవాబు చెప్పాలి.

మనోళ్ళూ ఆ సభల్లో గొంతెత్తినోళ్ళే. 1928 ఒలింపిక్స్‌కు మన హాకీ జట్టు కెప్టెన్‌గా వెళ్ళిన ముండా బిడ్డ జైపాల్ సింగ్, 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో నిలబడి, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పక్కర్లేదు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి అని చెప్పిండు. ఈ రోజు లోక్‌సభలో 47 సీట్లు ఎస్టీలకు రిజర్వు. అందులో అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ మన తెలుగు నేలవే.

ఇప్పటి పద్ధతి కూడా తెలుసుకోండి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు పెడతారు. వాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి జవాబు రాతలో వస్తుంది. ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జవాబులు లోక్‌సభ వెబ్‌సైట్లో ఎవరైనా చదువుకోవచ్చు. అయితే ఈ హక్కు రాయి మీద చెక్కింది కాదు. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి, ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయమే తీసేసిన్రు.

ప్రశ్న అడగాల్సింది ఎంపీ, ఎమ్మెల్యే. కానీ సంగతి వాళ్ళకు అందించాల్సింది మనం. ఫిరోజ్ గాంధీ చేతిలో కోపం ఒక్కటే ఉంటే ఆ మంత్రి కదిలేవాడు కాదు, లెక్కలు ఉన్నై కాబట్టి కదిలిండు. అందుకే మేము ఒక నోటుబుక్కు పెట్టినం. ఏది రావాలి, ఏ తేదీకి రావాలి, ఎప్పుడొచ్చింది, ఎంతమందికి అందింది, అన్నీ రాస్తున్నం. హాస్టళ్ళు చూసేది రాష్ట్ర ప్రభుత్వం కాబట్టి మొదటి కాగితం మా ఎమ్మెల్యేకు పోతది. కేంద్రం స్కాలర్‌షిప్ సంగతి ఎంపీకి.

మీ హాస్టల్లో కూడా ఒక నోటుబుక్కు మొదలుపెట్టండి. ఏం రాసిన్రో ఈ గ్రూపులో పెట్టండి, పది హాస్టళ్ళవి కలిపి ఒకే కాగితం చేద్దాం.

జోహార్.