సంస్థాన సవారు, ఆస్ట్రేలియా రైతు: సైనికుడి జీవితచరిత్రకు ఆధారాలు

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల చరిత్రల్లో రాజుల వంశావళికీ, ఆస్థాన కవులకూ దక్కిన చోటు సైన్యానికి దక్కలేదు. దక్కిన కాస్త చోటులోనూ దళం పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. వనపర్తిలో మొదటి రాజా రామేశ్వరరావు రెండు దళాలను పోషించాడు. ఒకటి ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అంగరక్షక దళం, రెండోది వనపర్తి లాన్సర్లు. 1866లో ఆయన మరణించాక ఆ బలగం నిజాం సైన్యంలో కలిసింది. ఆస్తి చేతులు మారినట్టే సవార్లూ మారారు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ బస్తీ ఆ ఆఫ్రికన్ ఆశ్విక దళపు ఆనవాలే.

దీని పక్కన హ్యూగో త్రాసెల్ జీవితాన్ని పెట్టి చూద్దాం. 1884లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్థమ్‌లో పుట్టాడు. అన్న రిక్‌తో కలిసి కౌకౌయింగ్‌లో సేద్యం చేశాడు. 1914లో అన్నదమ్ములిద్దరూ 10వ లైట్ హార్స్ రెజిమెంటులో చేరారు. 1915 ఆగస్టు చివర గలిపొలిలోని హిల్ 60 దగ్గర చూపిన తెగువకు హ్యూగోకు విక్టోరియా క్రాస్ వచ్చింది. 1917 ఏప్రిల్‌లో రెండో గాజా యుద్ధంలో రిక్ చనిపోయాడు. 1919లో సొంత ఊరి శాంతి సభలో హ్యూగో, యుద్ధం తనను సోషలిస్టును చేసిందని ప్రకటించాడు. పశ్చిమ ఆస్ట్రేలియా మాజీ ప్రీమియర్ కొడుకు, పతకం పొందిన వీరుడు ఆ మాట అనేసరికి ఊరి పెద్దలు నివ్వెరపోయారు. అప్పుల్లో కూరుకుపోయి 1933లో ప్రాణం తీసుకున్నాడు. ఆయన భార్య నవలాకారిణి కాథరిన్ సుసన్నా ప్రిచర్డ్.

త్రాసెల్ ప్రముఖుడు కనుక ఇంత తెలిసిందనుకోవడం సగం నిజమే. ఆ దేశంలో మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలో చేరిన మామూలు కూలీకి కూడా వయసు, వృత్తి, ఎత్తు, కళ్ళ రంగు, దగ్గరి బంధువు పేరుతో ఒక దస్త్రం ఉంది. వాటిని ఆస్ట్రేలియా జాతీయ అభిలేఖాగారం ఇంటర్నెట్‌లో ఉంచింది.

అదే యుద్ధానికి మన వైపు సవార్లూ వెళ్ళారు. హైదరాబాదు ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు 1914లోనే ఈజిప్టు చేరి సూయజ్ కాలువకు కాపలా కాశారు. 1918లో పాలస్తీనాలో వారూ, త్రాసెల్ రెజిమెంటూ ఒకే డెజర్ట్ మౌంటెడ్ కోర్‌లో, ఆస్ట్రేలియా సేనాని హ్యారీ షోవెల్ కింద ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని ఒక విగ్రహం హైదరాబాదు లాన్సర్లదే. అయితే వీరిని వనపర్తి లాన్సర్ల వారసులుగా చెప్పడం తొందరపాటు. రెంటికీ మధ్య అర్ధ శతాబ్దం ఉంది. తీన్‌మూర్తి స్మారకంతో ముడిపెట్టే హైఫా పోరులో 1918 సెప్టెంబరు 23న జరిగిన ప్రధాన దాడి కూడా జోధ్‌పూర్, మైసూరు దళాలదే, హైదరాబాదు లాన్సర్లది కాదు.

మన రైతు సైనికుణ్ణి పటాలం జాబితాల్లోనే వెతకడం సరికాదని నా అభిప్రాయం. తుంగభద్రకు ఆవల, దత్తమండలాల్లో కట్టుబడి బంట్రోతులు తక్కువ పన్నుకు భూమి దున్నుకుంటూ, పిలుపు వచ్చినప్పుడు ఆయుధం పట్టేవారు. అక్కడ రైతూ సైనికుడూ ఒక్కడే. అతని పేరు నమోదయ్యేది ఇనాం లెక్కల్లో. నదికి ఇవతలి సంస్థానాల్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉందేమో వెతకాలి. కాబట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పరిశోధకులు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఫార్సీ, ఉర్దూ దఫ్తర్లను సైనిక చరిత్ర కోసం కూడా చదవాలి. ఊళ్ళలో ఇనాం పట్టాలు, పాత సనదులు దాచుకున్న కుటుంబాలు వాటి నకళ్ళనైనా విశ్వవిద్యాలయాలకు అందజేయాలి.