కారు ముఖాన నంబరు ఉండాలా?

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సంసారం మార్చినవాళ్ళకి ఈ తగువు తెలిసే ఉంటుంది. జార్జియాలోనో నార్త్ కరొలైనాలోనో ఉన్నన్నాళ్ళూ కారుకి వెనక ఒక్క నంబర్ ప్లేటే ఉంటుంది. అక్కణ్ణించి టెక్సాస్‌కో న్యూజెర్సీకో రాగానే చేతిలో రెండు ప్లేట్లు పెడతారు. వెనకది ఆ రోజే ఎక్కేస్తుంది. ముందుది మాత్రం గరాజ్‌లో పెయింటు డబ్బాల పక్కన నెలల తరబడి పడి ఉంటుంది. ఎందుకండీ అంటే, కొత్త కారు బంపర్‌కి చిల్లులు పెట్టాలా అని ఇంట్లో మగవాళ్ళ బాధ.

మేం అట్లాంటా నుంచి డాలస్ వైపు వచ్చాక మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా వారూ, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న మా పెద్దాడూ ఒక పార్టీ. నేనూ మా చిన్నదీ ఇంకో పార్టీ. పైగా అట్లాంటాలో ఉన్నప్పుడు మా కారు ముందు ఖాళీ చోట వినాయకుడి బొమ్మ ప్లేటు ఉండేది. ఆయన్ని దింపి నంబరు పెట్టాలంటే మా వారికి మనసొప్పలేదు. వాదన ముదిరేసరికి, అసలు ఈ నంబరు ఎవరి కోసం పుట్టింది, ముందుకి ఎలా వచ్చిందని కొన్నాళ్ళు కూర్చుని చదివాను. అదే మీకూ చెబుతున్నాను.

బండికి నంబరు వేయడమన్నది కారుతో మొదలైన పని కాదు. మన ఊళ్ళలో జట్కాలకీ రిక్షాలకీ మున్సిపాలిటీ నంబర్లు ఉండేవి. సైకిలుకి కూడా పన్ను కడితే చిన్న బిళ్ళ ఇచ్చేవారు. మా తాతయ్య సైకిలుకి హ్యాండిల్ కింద తీగతో కట్టిన అలాంటి బిళ్ళ నాకు బాగా గుర్తు. పన్ను వసూలుకి ఒక గుర్తు, ఏదైనా జరిగితే ఎవరిని అడగాలో తెలియడానికి ఒక గుర్తు. ఈ రెండు అవసరాలే ఆ తర్వాత కారుకీ వచ్చాయి.

1893 ఆగస్టు 14న పారిస్ పోలీసులు ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఇంజనుతో నడిచే ప్రతి బండికీ యజమాని పేరు, చిరునామా, నంబరు రాసిన లోహపు పలక ఉండాలన్నారు. అది బండికి ఎడమ పక్కన ఉండాలి, దాన్ని ఎన్నడూ కప్పేయకూడదు. అప్పటికి ఆ నగరంలో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా నియమం ముందే వచ్చేసింది. గుర్రపు బండివాడు ఎవరినైనా తొక్కించి పోతే వెంటబడి పట్టుకోవచ్చు, మోటారు బండివాడు దొరకడు కదా! 1898లో నెదర్లాండ్స్ దేశమంతటికీ నంబర్లు పెట్టింది.

అమెరికాలో మొదట చట్టం చేసింది న్యూయార్క్, 1901లో. ఒక డాలరు కట్టి పేరు రాయించుకోవాలి. అయితే ప్రభుత్వం ప్లేటేమీ ఇవ్వలేదు. యజమాని తన పేరులోని పొడి అక్షరాలను కనీసం మూడంగుళాల ఎత్తున తనే రాసుకుని బండి వెనక తగిలించాలి. తోలు ముక్క మీద ఇత్తడి అక్షరాలు కుట్టించుకున్నవాళ్ళున్నారు, చెక్క మీద రాసుకున్నవాళ్ళున్నారు. మొదటి ఏడాది నమోదైన బండ్లు 954. ఒకే పొడి అక్షరాలతో ఇద్దరు ముగ్గురు ఉంటే ఏ బండి ఎవరిదో తెలియదు. అందుకే రెండేళ్ళకే అక్షరాలు తీసేసి నంబర్లకి మారారు. 1903లో మసాచుసెట్స్ తనే ప్లేట్లు చేయించి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇనుప రేకు మీద మన పింగాణీ పళ్ళేలకి ఉండేలాంటి పూత, నీలం మీద తెల్ల అంకెలు.

ముందూ వెనకా రెండు చోట్లా ఉండాలన్న పట్టుదల బ్రిటన్‌లో గట్టిగా కనిపిస్తుంది. అక్కడ 1903 చట్టం కారు వేగ పరిమితిని గంటకు 14 మైళ్ళ నుంచి 20 మైళ్ళకి పెంచింది. అదే చట్టం కింద 1904 జనవరి 1 నుంచి ప్రతి కారుకీ నంబరు వచ్చింది. అంటే, వేగంగా పోవచ్చు గానీ నువ్వెవరో చెప్పి పో అని! నాకు ఈ బేరం చాలా నచ్చింది.

ఇక టెక్సాస్ సంగతి. 1907 చట్టం ప్రకారం ఇక్కడ కౌంటీ గుమాస్తా దగ్గర పేరు రాయించుకుంటే ఒక నంబరు ఇచ్చేవారు, ప్లేటు మనమే చేయించుకోవాలి. ఏ కౌంటీ లెక్క ఆ కౌంటీదే కాబట్టి ఒకే నంబరు బండ్లు రాష్ట్రంలో ఎన్నో తిరిగేవి. 1917లో రాష్ట్ర హైవే శాఖ వచ్చాక ఈ పని అంతా ఒక్క చోటికి చేరింది. అప్పట్లో నంబరుతో పాటు కారు ముందు రేడియేటర్ మీద పెట్టుకోవడానికి ఒక గుండ్రటి ముద్ర కూడా ఇచ్చేవారట. అది చదివి మా చిన్నది, "చూశావా నాన్నా, నూరేళ్ళ క్రితమే ఇక్కడ కారుకి బొట్టు పెట్టారు" అంది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక రేకు కరువైంది. చాలా రాష్ట్రాలు రెండు ప్లేట్ల బదులు ఒక్కటే ఇచ్చి సరిపెట్టాయి. కొన్ని చోట్ల పాత ప్లేటు మీదే కొత్త ఏడాది చిన్న బిళ్ళ తగిలించమన్నారు. ఇల్లినాయిస్ అయితే 1943 నుంచి కొన్నేళ్ళు సోయా చిక్కుళ్ళతో చేసిన అట్ట ప్లేట్లు ఇచ్చింది. పొలాల దగ్గర మేకలూ పశువులూ వాటిని నమిలేశాయని కథలు కథలుగా చెప్పుకుంటారు. యుద్ధం అయిపోయాక కొందరు మళ్ళీ రెండుకి వెళ్ళారు, కొందరు ఒక్కదానితోనే ఉండిపోయారు. ప్లేటు కొలత మాత్రం 1956లో దేశమంతటికీ ఒకటే అయింది. ఆరంగుళాల ఎత్తు, పన్నెండంగుళాల పొడవు.

ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ముందు ప్లేటు అక్కర్లేదు. జార్జియా, ఫ్లోరిడా, మిషిగన్, పెన్సిల్వేనియా, అరిజోనా అలాంటివే. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయిస్, వర్జీనియా రెండూ అడుగుతాయి. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండేది ఈ రెండో వరసలోనే. గాలి మాత్రం ఒక్క ప్లేటు వైపే వీస్తోంది. 2020 జూలైలో ఒహాయో ముందు ప్లేటు తీసేసింది, 2022లో అలాస్కా, 2025 జనవరి నుంచి యూటా. రేకు ఖర్చు తగ్గుతుంది, కొత్త కార్ల ముందు సెన్సర్లుంటాయి, చూడ్డానికి బాగుండదు అని కారణాలు చెప్పారు.

టెక్సాస్‌లో కూడా ఒక తమాషా జరిగింది. చట్టాన్ని సర్ది తిరగరాసేటప్పుడు ముందు ప్లేటు ఉండాలన్న మాట మిగిలింది, లేకపోతే వేసే జరిమానా మాత్రం జారిపోయింది. 2012 మొదటి నుంచి 2013 ఆగస్టు దాకా నియమం ఉంది, శిక్ష లేదు! 2013 సెప్టెంబరు నుంచి మళ్ళీ 200 డాలర్ల దాకా జరిమానా పెట్టారు. మా వారి స్నేహితులు "ఇక్కడ ఎవరూ పట్టించుకోరు" అనే మాట బహుశా ఆ రోజుల నుంచే వస్తున్నట్టుంది.

మా పెద్దాడి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. "అమ్మా, ఇప్పుడు దారి పొడుగునా కెమెరాలే. ఎవరు ఎప్పుడు ఎటు పోయారో అన్నీ రాసుకుంటున్నాయి. మనమే ఇంకో ప్లేటు పెట్టి వాళ్ళ పని సులువు చేయాలా?" అన్నాడు. నిజమే, ఆ భయం నాకూ ఉంది. కానీ ఆ కెమెరాలకి వెనక ప్లేటు ఒక్కటీ చాలు. ముందుది తీసేసినంత మాత్రాన మనల్ని ఎవరూ మరిచిపోరు. ముందు ప్లేటు లేకపోతే ఇబ్బంది పడేది కెమెరా కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. మా వీధిలో స్కూలు బస్సు ఆగి, ఎర్రదీపాలు వెలిగి, పక్కన స్టాప్ బోర్డు తెరుచుకుంటే రెండు వైపులా కార్లు ఆగాలి. పోయిన ఏడాది ఒక పొద్దున ఎదురు దిక్కు నుంచి ఒక కారు ఆగకుండా దూసుకొచ్చింది. రోడ్డు దాటబోతున్న పిల్లవాణ్ణి పక్కింటి అమ్మమ్మగారు చొక్కా పట్టి వెనక్కి లాగింది. బస్సు నడిపే ఆవిడ ఆ కారు ముఖాన్ని బాగా చూసింది. అక్కడ చదవడానికి ఏమీ లేదు. అద్దంలో వెనక ప్లేటు చూసేలోపు మలుపు తిరిగిపోయింది. ఒహాయోలో ముందు ప్లేటు తీసేయొద్దని పోట్లాడినవాళ్ళు కూడా సరిగ్గా ఈ స్కూలు బస్సుల సంగతే చెప్పారు. ఇప్పుడు బస్సులకి కెమెరాలు వస్తున్నాయి, అవి వెళ్ళిపోయే కారు వెనక భాగాన్నీ తీస్తాయి. అవి లేని బస్సుల దగ్గర మాత్రం మనిషి కన్నే దిక్కు.

నంబరు ప్లేటు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనాన్ని బాంబుతో పేల్చేశారు. 168 మంది పోయారు, అందులో 19 మంది చిన్న పిల్లలు. ఆ పని చేసిన టిమతీ మెక్వే కారులో పారిపోతుంటే గంటన్నరలోపే హైవే పోలీసు ఆపాడు. బాంబు సంగతి ఆ పోలీసుకి తెలియదు. కారుకి వెనక ప్లేటు లేదు, అంతే. ఆపి చూస్తే తుపాకీ దొరికింది, జైలుకి పంపారు. రెండు రోజుల తర్వాత దేశమంతా వెతుకుతున్నవాడు ఆ చిన్న ఊరి జైల్లోనే దొరికాడు.

మన దేశంలో ఈ చర్చే లేదు. 1914, 1939, 1988ల మోటారు వాహనాల చట్టాలు వరసగా వచ్చాయి. ఇప్పటి నియమాల ప్రకారం ముందూ వెనకా రెండూ తప్పనిసరి, చివరికి స్కూటరుకి కూడా. పాత బుల్లెట్ల ముందు మడ్‌గార్డ్ మీద వంపుగా ఉండే నంబరు పలక చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లో అలాంటి పలకే గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కోసేస్తోందని 1975లో మోటారు సైకిళ్ళకి ముందుది తీసేశారు. తీసేయడానికి అలాంటి కారణం ఉంటే నేనూ ఒప్పుకుంటాను. బంపర్ అందం పాడవుతుందంటే మాత్రం ఒప్పుకోను.

1989 నుంచి ఏపీ 09 అంటే హైదరాబాద్, ఏపీ 16 అంటే బెజవాడ వైపు అని పిల్లలు కూడా చెప్పేవారు. తెలంగాణ వచ్చాక టీఎస్ అయింది, 2024లో టీజీ అయింది. ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకే వరస పెట్టారు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ అశోక చక్రం ముద్ర ఉన్న, ఊడదీస్తే మళ్ళీ పెట్టలేని ప్లేట్లు. ఇంకో మంచి మాట: రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్ల కార్లకి నంబరు బదులు సింహాల ముద్ర ఒక్కటే ఉండేది. 2018లో ఢిల్లీ హైకోర్టు వాటికీ అందరిలాగే నంబరు ఉండాలంది. గుద్ది వెళ్ళిపోతే ఆ కారు ఎవరిదని అడగాలి అన్నదే అక్కడి ప్రశ్న.

ఇక మా ఇంటి తీర్పు. ప్లేటు పెట్టించాం. బంపర్‌కి చిల్లు పడలేదు. కారు లాగడానికి కొక్కెం బిగించే చోటు ముందే ఉంటుంది కదా, అందులో మరలా తిప్పి బిగించే పట్టీ దొరుకుతుంది. మా వారే పావుగంటలో బిగించారు. మీరూ పెట్టించేటప్పుడు సెన్సరుకీ కెమెరాకీ అడ్డం రాకుండా చూసుకోండి. డాష్‌బోర్డు మీద అద్దం వెనకాల పెట్టుకుంటే టెక్సాస్‌లో చెల్లదు, కారు బయట, కదలకుండా, అడ్డంగా ఉండాలి. ఒక్క ప్లేటు రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి ఈ పని లేదు, ఆ చోటు దేవుడికే ఇచ్చుకోవచ్చు.

మా వినాయకుడు ఇప్పుడు కారు లోపల డాష్‌బోర్డు మీదికి వచ్చాడు. మా పెద్దాడు ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. వాడికి ఒక్కటే చెప్పాను. మన కారు వెనకాల వచ్చేవాళ్ళు మనల్ని చూసి భయపడరు నాన్నా, ఎదురుగా రోడ్డు దాటేవాళ్ళు భయపడతారు, ఆ నంబరు వాళ్ళకివ్వాల్సింది అని.