పేచ్‌కస్ అడిగే ఖిలౌనా: పాత రిమోట్ కారు దాస్తాన్

పాత రిమోట్ కారు ఒకటి చేతికొస్తే ముందు దాని రంగు చూడకండి, టైర్లు చూడకండి. తలకిందులు చేసి పేచ్‌లు చూడండి. ఎన్ని ఉన్నాయి, ఏ రకం తలలు, అరిగాయా, ఇంతకుముందు ఎవరైనా విప్పారా? ఆ కారు తారీఖ్ సగం అక్కడే రాసి ఉంటుంది. మరమ్మత్‌కు లొంగుతుందా లేదా అన్నదీ అక్కడే తేలిపోతుంది.

మన ఇళ్లలో రిమోట్ కారు అనగానే గుర్తొచ్చేది గల్ఫ్ పెట్టె. హైదరాబాద్, కరీంనగర్, నిజామాబాద్, కడప వైపుల నుంచి సౌదీకీ దుబాయ్‌కీ కువైత్‌కీ పోయిన అబ్బాలు, మామూజాన్‌లు సెలవు మీద వచ్చినప్పుడు, తాళ్లతో బిగించి కట్టిన కార్టన్‌లో కంబళ్లు, అత్తరు సీసాలు, టేప్ రికార్డర్‌తో పాటు పిల్లల కోసం ఒక కారు కూడా దిగేది. ఆ నెల రోజులూ ఆ కారు ఉన్న పిల్లాడే మొహల్లాకు నవాబు. ఆ తర్వాత దాని ఉమర్ ఎంతో అందరికీ తెలుసు. సౌదీలో అప్పట్లో చాలా ఇళ్లకు 127 వోల్టుల కరెంటు ఉండేది. అక్కడి ప్లగ్గు కోసం చేసిన చార్జర్‌ను తెచ్చి మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే చిన్న పొగ, ఘాటు వాసన, ఖేల్ ఖతం. చార్జర్ బతికినా కారు ఎక్కువ రోజులు బతికేది కాదు. మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే లోపల ఒకే ఒక్క చిన్న బోర్డు కనిపించేది. సిగ్నల్ పట్టేదీ, చక్రం తిప్పేదీ, మోటారుకు కరెంటు ఇచ్చేదీ అన్నీ దాని మీదే. ఒక ఐసీ పోతే బోర్డు పోయినట్టు, బోర్డు పోతే కారు పోయినట్టు. దానికి బదులు పుర్జా బజారులో ఎక్కడా దొరకదు. ఆఖరికి కబాడీ సంచిలోకి.

అదే జమానాలో పుట్టిన మరో రకం రిమోట్ కార్లు నలభై ఏళ్ల తర్వాత కూడా మట్టిలో దూకుతున్నాయి. కొన్ని మూడు నాలుగు చేతులు మారాయి, ఇరుసులకు జంగు పట్టింది, ప్లాస్టిక్ పసుపెక్కింది, అయినా విప్పి కడిగి బిగిస్తే జిందా అవుతున్నాయి. రెండూ బొమ్మలే. మరి ఈ ఫర్క్ ఎక్కడి నుంచి వచ్చింది?

రేడియోతో బొమ్మను నడిపించే హునర్ కొత్తది కాదు. 1890ల మధ్యలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతల ఉన్న గంటను తీగ లేకుండా మోగించి, దూరంగా ఉంచిన తుపాకీమందును పేల్చి చూపించాడు. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్ల తొట్టిలో చిన్న పడవను రేడియో తరంగాలతో అటూ ఇటూ తిప్పాడు. జనంలోంచి ఎవరో 64కు ఘనమూలం ఎంత అని పడవనే అడిగితే దాని దీపాలు నాలుగుసార్లు వెలిగాయి. మీట నొక్కింది టెస్లానే అని వేరే చెప్పక్కర్లేదు. కానీ ఈ ఇల్మ్ పిల్లల చేతికి దిగడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. వాల్వులు పెద్దవి, బ్యాటరీలు బరువైనవి. పడవ ఆ బరువు మోస్తుంది గానీ జానెడు కారు మోయలేదు. ట్రాన్సిస్టర్ వచ్చాక దారి తెరుచుకుంది. 1966లో ఇటలీలోని రెజ్జో ఎమిలియాలో ఎల్-జీ అనే బొమ్మల కంపెనీ పన్నెండో వంతు సైజులో ఫెరారీ 250 ఎల్ఎమ్ కారును రేడియోతో నడిచేలా చేసి అమ్మింది. దుకాణంలో కొనగలిగిన మొదటి రిమోట్ కార్లలో దాన్ని లెక్కేస్తారు.

అయితే మన దాస్తాన్ అసలు మొదలయ్యేది జపాన్‌లోని షిజువోకా పట్టణంలో, ఒక కట్టెల మిల్లులో. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో, యోషియో తమియా అక్కడ కలప వ్యాపారం పెట్టాడు. పక్కనే చెక్కతో ఓడల, బండ్ల మోడళ్లు చేసే పని కూడా ఉండేది. 1951లో మంటలంటుకుని మిల్లులో ఉన్న కలప కాలి బూడిదైంది. రెండేళ్లకు ఆయన కలప వ్యాపారం వదిలేసి మోడళ్లనే పట్టుకున్నాడు. 1960లో వాళ్ల మొదటి ప్లాస్టిక్ మోడల్ యమాతో యుద్ధనౌక వచ్చింది. ఈ వివరం ఎందుకంటే, తమియా బొమ్మలు చేసే కంపెనీగా పుట్టలేదు. ముక్కలు పెట్టెలో పెట్టి, 'నువ్వే కట్టుకో' అని కొనేవాడికి ఇచ్చే కంపెనీగా పెరిగింది. తర్వాత జరిగినదంతా ఈ అలవాటు నుంచే వచ్చింది.

1970ల మధ్యలో ఆయన కొడుకు షున్సాకు తమియా పోర్షే 934 మోడల్ చేయాలనుకున్నాడు. ఫొటోలు, కొలతలు చాలలేదు. చివరికి నిజమైన పోర్షే 911 ఒకటి కొని, దాన్ని కంపెనీలోనే పేచ్ పేచ్ విప్పించాడు. తిరిగి బిగించడం వాళ్ల వల్ల కాక పోర్షే మెకానిక్‌లను పిలిపించుకోవాల్సి వచ్చిందట! మోడల్ అద్భుతంగా వచ్చింది గానీ ఖర్చు తడిసి మోపెడైంది. ఆ ఖర్చు రాబట్టుకునే దారి వెతుకుతూ, అదే మోడల్‌లో మోటారు, రేడియో పట్టేలా చేసి 1976 చివర్లో విడుదల చేశారు. దాని నంబరు 58001. అక్కడి నుంచి తమియా రిమోట్ కార్లలో చాలా వాటి నంబర్లు 58తోనే మొదలవుతాయి. పాత కారు అడుగున కాయితం చినిగిపోయినా, కితాబ్ మీద ఈ నంబరు దొరికితే చాలు, దాని ఖాందాన్ మొత్తం తెలిసిపోతుంది.

1979లో మట్టిలో, ఇసుకలో దూకే బగ్గీలు వచ్చాయి, రఫ్ రైడర్, సాండ్ స్కార్చర్. 1983లో ఫ్రాగ్. 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్. అదే ఏడాది అమెరికాలో అసోసియేటెడ్ కంపెనీ ఆర్‌సీ10 అనే రేసు కారును తెచ్చింది, బంగారు రంగు అల్యూమినియం చాసిస్‌తో. రేసుల వాళ్లకు ఆర్‌సీ10 ఉస్తాద్. కానీ మరమ్మత్ నేర్చుకోవాలంటే నా ఓటు గ్రాస్‌హాపర్‌కే. అంత సాదా సీదా కారు మరొకటి లేదు. ముందు రెండు చేతులు, వాటికి స్ప్రింగులు. నూనె డంపర్లు లేవు. వెనక గేర్‌బాక్సు, మోటారు, ఇరుసు అన్నీ ఒకే ముద్దగా పైకీ కిందికీ ఊగుతాయి. అందుకే గుంత వస్తే మిడతలాగే గెంతుతుంది, పేరు ఊరికే పెట్టలేదు.

నా దగ్గరికొచ్చిన గ్రాస్‌హాపర్ షార్జా నుంచి వచ్చింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామానులో మా ఖాలూకు దొరికింది. తెల్ల బాడీ నెయ్యి రంగుకు తిరిగింది. గరారీల మీద గ్రీజు ఎండి బంకలా అంటుకుంది. దాని సందుల్లోంచి సన్నటి ఎడారి ఇసుక రాలింది. అసలు దుష్మన్ ఈ ఇసుకే. అప్పటి కార్లలో చక్రం ఇరుసు తిరిగే చోట బాల్ బేరింగులకు బదులు ప్లాస్టిక్ బుష్‌లు వేసేవారు. ఇసుక రేణువులు ఆ మెత్తటి ప్లాస్టిక్‌లో గుచ్చుకుని ఉండిపోతాయి. అప్పుడు బుష్ గరుకు కాయితమై, తిరిగే ఉక్కు ఇరుసునే కోసేస్తుంది. మెత్తనిది గట్టిదాన్ని తినేయడం చూస్తే మొదట నమ్మబుద్ధి కాదు. తమియా కార్లలో చాలా వాటికి ఈ బుష్‌ల కొలత ఒకటే, బయట 11 మిల్లీమీటర్లు, లోపల 5. ఆ కొలత బేరింగులు ఈరోజుకీ చవగ్గా దొరుకుతాయి.

విప్పే ముందు పేచ్‌కస్ గురించి ఒక మాట. జపాన్ పేచ్‌ల తల మీద ఉన్న ప్లస్ గుర్తు మన ఇళ్లలో ఉండే ఫిలిప్స్ పేచ్‌కస్‌కు సరిగ్గా సరిపోదు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఫిలిప్స్ మొన ఆ గాడిలో పూర్తిగా కూర్చోదు. బలం వేస్తే జారి తలను గుండ్రంగా చెక్కేస్తుంది. జపాన్ కొలత పేచ్‌కస్ వేరే ఉంటుంది, జేఐఎస్ అని అడగాలి. సెకండ్‌హ్యాండ్ కార్లలో సగం పేచ్‌లు ఇలా నాశనమైనవే. ఇక బిగించేటప్పుడు, ప్లాస్టిక్‌లో దిగే పేచ్‌ను వెంటనే ముందుకు తిప్పకండి. ముందు వెనక్కి మెల్లగా తిప్పితే ఒకచోట 'టక్' మని పాత గాడిలోకి జారుతుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పాలి. లేకపోతే ప్రతిసారీ కొత్త గాడి పడి, నాలుగోసారికి ఆ రంధ్రం దేన్నీ పట్టుకోదు.

రిమోట్ లోపల మరచిపోయిన సెల్‌లు కారి తెల్లటి పొర కట్టి ఉంటుంది. అది క్షారం, చేతికి తగిలితే చర్మం మండుతుంది. గ్లవ్స్ వేసుకుని సిర్కాలో ముంచిన దూదితో తుడిస్తే నురగ వచ్చి ఊడిపోతుంది. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లగా చేసేవాళ్లు ఉన్నారు. పని చేస్తుంది గానీ, వయసైన ప్లాస్టిక్ ఇంకా పెళుసవుతుందన్న భయంతో నేను చేయలేదు. వృద్ధుడికి ఖిజాబ్ తప్పనిసరి కాదు కదా!

ఈ కార్లు బతకడానికి అసలు సబబు లోపలి ఏర్పాటు. సిగ్నల్ పట్టే రిసీవర్ ఒక డబ్బా, చక్రాలు తిప్పే సర్వో ఇంకో డబ్బా, బ్యాటరీ వేరు, మోటారు వేరు. ఏది పోతే అది మార్చుకోవచ్చు. ఏ కంపెనీదైనా పడుతుంది. ఆరు సెల్‌ల 7.2 వోల్టుల బ్యాటరీ, 540 సైజు మోటారు, మామూలు సైజు సర్వో, ఈ మూడూ 1980ల్లో స్థిరపడిపోయిన కొలతలు. 1984 హార్నెట్‌లో ఈరోజు కొన్న 540 మోటారు నిశ్చింతగా కూర్చుంటుంది. గ్రాస్‌హాపర్‌కు కంపెనీ ఇచ్చింది చిన్నదైన 380, అయినా హార్నెట్ దాని సగా భాయి లాంటిది కాబట్టి 540 వేసుకునేవాళ్లు కొల్లలు.

పూర్తిగా మారిపోయింది రేడియో. పాతవి 27 మెగాహెర్ట్జ్‌లో నడిచేవి. ఏ ఫ్రీక్వెన్సీలో నడవాలన్నది రంగు కట్టిన చిన్న క్రిస్టల్ నిర్ణయించేది, గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. 27.045 అయితే ఎరుపు, 27.145 అయితే పసుపు. ఇద్దరు పిల్లల దగ్గర ఒకే రంగు ఉంటే ఆ సాయంత్రం దోస్తీ ఖతం, ఒకడి రిమోట్‌కు ఇంకొకడి కారు గోడెక్కేది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఈ తగాదా పోయింది. పాత కారును నడపాలంటే కొత్త రేడియో పెట్టుకోవడమే మేలు. పాతది బాగుంటే దాని యాంటెనా తీగను మాత్రం కత్తిరించకండి. పొడుగ్గా ఉంది, అడ్డం వస్తోందని కోసేస్తే కారు పది అడుగుల అవతల మాట వినదు.

ఇంకో పుర్జా గురించి తప్పక చెప్పాలి. అప్పట్లో వేగాన్ని మార్చేది ఎలక్ట్రానిక్స్ కాదు. ఒక సర్వో రాగి చేతిని రేకుల మీద జరిపేది, నెమ్మది, మధ్యస్తం, పూర్తి వేగం. నెమ్మదిగా పోయేటప్పుడు మిగిలిన కరెంటంతా ఒక తెల్లటి పింగాణీ రెసిస్టర్‌లో వేడిగా మారిపోయేది. తాకితే చేయి చురుక్కుమనేది. బ్యాటరీలో సగం దమ్ము అక్కడే ఆవిరయ్యేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ముందు అది నిలవదు. అయినా పిల్లలకు కరెంటు అంటే ఏమిటో చూపించడానికి దాన్ని మించిన ఉస్తాద్ లేదు. కళ్ల ముందే చేయి కదులుతుంది, రేకు తాకుతుంది, చక్రం తిరుగుతుంది.

2004లో హార్నెట్‌ను, 2005లో గ్రాస్‌హాపర్‌ను, ఫ్రాగ్‌ను తమియా మళ్లీ విడుదల చేసింది. తర్వాత హాట్‌షాట్, సాండ్ స్కార్చర్ కూడా తిరిగొచ్చాయి. దీని మీద శౌఖీన్లలో పెద్ద బహస్ నడిచింది. పెట్టె తెరవకుండా దాచుకున్నవాళ్లకు ఇది నచ్చలేదు, అసలుకూ నకలుకూ తేడా ఎవడికి తెలుస్తుందని వాళ్ల బాధ. అసలు పుర్జాలతోనే అసలు కారు అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కానీ నేను రెండో వైపు. అద్దాల బీరువాలో కూర్చున్న కారుకు కొత్త గరారీ అక్కర్లేదు, విరిగిన ముందు చేతితో ఇరవై ఏళ్లు అటక మీద పడున్న కారుకు కావాలి. ఆ పునర్విడుదలతో అచ్చులు మళ్లీ ఆడాయి, టైర్లు, గేర్లు, స్టిక్కర్లు మళ్లీ బజారుకొచ్చాయి. షార్జా నుంచి వచ్చిన నా కారుకు ముందు టైర్లు అలా దొరికినవే. ఇరవై ఏళ్ల తేడా ఉన్న రెండు టైర్లను పక్కపక్కన పెట్టి చూశాను, రబ్బరు మెరుపు తప్ప తేడా లేదు.

ఇక గల్ఫ్ పెట్టె కారు సంగతి. దాన్ని పూర్తిగా వదిలేయకండి. బోర్డు కాలిపోయినా మోటారు, గేర్లు తరచుగా బాగానే ఉంటాయి. బోర్డు తీసేసి చవక రిసీవర్, చిన్న స్పీడ్ కంట్రోలర్ పెట్టి నడిపించేవాళ్లు ఉన్నారు. చిక్కల్లా చక్రాలు తిప్పే దగ్గర. వాటిలో సర్వో ఉండదు, కుడి, ఎడమ, సీదా అంతే. సర్వో కూర్చోవడానికి చోటు కోసి చేయాలి, మెహనత్ ఎక్కువ. ఈ మధ్య వచ్చే పిల్లల కార్లలో కొన్నింటికి అడుగున మూడు మూలల గాడి ఉన్న పేచ్‌లు వేస్తున్నారు, ఇంట్లో ఎవరూ విప్పకూడదని. ఆ మూడు మూలల పేచ్‌కస్ కూడా దొరుకుతుంది. కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట మొబైల్ రిపేరు సామాను అమ్మేవాళ్లను అడిగి చూడండి.