ఆటగాని లెక్కల పుస్తకము

బేస్‌బాల్ అంకెల ఆట. 19వ శతాబ్దమున హెన్రీ చాడ్విక్ అను పత్రికారచయిత ఆటగాని ప్రతి గెలుపును, ప్రతి తప్పును పట్టికలో ఎక్కించు పద్ధతిని అమెరికాలో వ్యాప్తికి తెచ్చెను. విజయమార్గమును బోధించు గ్రంథములలో ప్రసిద్ధమైన యొకటి ఒక బేస్‌బాల్ ఆటగాని చేతినుండి వెలువడినది.

ఫ్రాంక్ బెట్గర్ 1888లో ఫిలడెల్ఫియాలో జన్మించెను. 1910లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టున ఆడెను. చేతికి దెబ్బ తగులుటచే ఆట విడిచి, కొంతకాలమునకు జీవితబీమా ఏజెంటు అయ్యెను. తొలి నెలలలో ఓటమియే ఎదురయ్యెను. పిమ్మట ఆయన తన పనికిని పట్టిక వ్రాయ నారంభించెను. పండ్రెండు నెలలలో కలిసికొన పోయినది 1,849 మారులు. మాటలాడ వీలైనది 828 మందితో. కుదిరిన బేరములు 65. వానిలో నూటికి 70 మొదటి భేటీలో, 23 రెండవదానిలో కుదిరినవి. మిగిలిన 7 కొరకు సగము కాలము వ్యర్థమగుచుండెను. మూడవమారు తిరుగుట మానగా రాబడి పెరిగెనని ఆయన వ్రాసెను.

అదే నగరమున పూర్వము నివసించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణములను వారమున కొకటి చొప్పున అభ్యసించి, తప్పులను గుర్తించుకొనెను. బెట్గర్ ఆ పద్ధతినే తన వృత్తికి అన్వయించుకొనెను. ఆయన గ్రంథము 1940వ దశకమున వెలువడెను.

గెలిచినవారే ఇట్టి గ్రంథములు వ్రాయుదురు. ఇంతగా శ్రమించియు ఓడినవారి పట్టికలు అచ్చు కావు. కావున వీనిని శాస్త్రముగా నమ్మరాదు. అయినను 65 విజయముల ప్రక్కన 1,849 ప్రయత్నములను దాచక చూపుటయే ఈ గ్రంథమునకు గౌరవము.